తలుపు వేసే ఉన్నా ఆరని దీపం: భావనపాడులో ఒక సంవాదం

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు వంటి తీరగ్రామాల్లో కారు కొన్నవారికి కొన్నేళ్లకే ఎదురయ్యే చిక్కుల్లో ఒకటి, తలుపులన్నీ గట్టిగా వేసి ఉన్నా మీటరు బోర్డు మీద తలుపు తెరిచి ఉన్నట్లు చూపే ఎర్రదీపం ఆరకపోవడం. మెకానిక్‌లు డోర్ అజార్ లైటు అని పిలిచే ఈ దీపం, ఏదైనా తలుపు పూర్తిగా పడకపోతే ఆ సంగతి డ్రైవరుకు తెలియజేయడానికి పెట్టినది. అది తప్పు చెప్పడం మొదలుపెట్టినప్పుడు దాన్ని ఇంటి దగ్గరే సరిచేసుకోవాలా, లేక టెక్కలికో శ్రీకాకుళానికో తీసుకువెళ్లి వర్క్‌షాపుకు అప్పగించాలా అన్నది ఈ సంవాదంలోని వివాదాంశం. ఐటిఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు బోధించి పదవీ విరమణ చేసి ఊళ్లోనే ఉంటున్న మేనమామ మొదటి పక్షం వహిస్తాడు. విశాఖపట్నంలో కార్ల వర్క్‌షాపులో పనిచేస్తూ సంక్రాంతికి ఊరికి వచ్చిన మేనల్లుడు రెండో పక్షం వహిస్తాడు. వీరిని ఫలానా వ్యక్తులుగా కాక, తీరప్రాంతంలో తరచు తలపడే రెండు వాదాలకు ప్రతినిధులుగా భావించాలి.

మేనల్లుడు: మావయ్యా, ఈ దీపం సంగతి ఎవరింట్లో వాళ్లే చూసుకోవచ్చునని మీరు అందరికీ చెబుతున్నారట. కారు తలుపు లాక్ అంటే ఇంటి గడియ లాంటిది కాదు గదా. దాని లోపల తిరిగే ఉక్కు కొక్కెం ఉంటుంది. తలుపు వేయగానే అది స్తంభానికి బిగించి ఉన్న స్ట్రైకర్‌ను, అంటే వంపు తిరిగిన ఇనుప కమ్మీని, చుట్టి పట్టుకుంటుంది. ఆ పట్టు రెండు మెట్లలో పడుతుంది: మొదటి టిక్కుకు సగం పట్టు, రెండో టిక్కుకు పూర్తి పట్టు. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2004 నవంబరులో నమోదైన మొట్టమొదటి ప్రపంచ వాహన సాంకేతిక నిబంధన తలుపుల లాక్‌ల గురించే. దాని ప్రకారం పక్క తలుపు లాక్‌ను లాగి పరీక్షించినప్పుడు పూర్తి పట్టులో అది 11,000 న్యూటన్ల బలానికి నిలవాలి. సగం పట్టులో నిలవవలసింది 4,500 న్యూటన్లకే. న్యూటన్ అనేది బలానికి కొలత కాబట్టి, మామూలు లెక్కలో మొదటిది సుమారు 1,100 కిలోల బరువు లాగినంత, రెండోది 460 కిలోలు లాగినంత. తలుపు ఏ మెట్టు మీద నిలిచిందో చాలాసార్లు కంటికి తెలియదు, దీపం చెబితేనే తెలుస్తుంది. జారుడు తలుపు ఉన్న వ్యాన్లలో సగం పట్టు లేని లాక్ వాడదలచుకుంటే, దానికి బదులుగా హెచ్చరిక దీపం ఉండి తీరాలని అదే నిబంధన చెబుతుంది. లాక్‌లోని ఒక మెట్టుకు సాటిగా చట్టం లెక్కపెట్టిన వస్తువును ఇంటి పెరట్లో విప్పడం ఏం న్యాయం?

మేనమామ: అల్లుడూ, నువ్వు చెప్పిన అంకెల్లో తప్పు పట్టవలసింది లేదు, కాని వాటి నుంచి తేలేది నువ్వు తేల్చినదానికి సరిగ్గా వ్యతిరేకం. దీపం అంత ముఖ్యమైనదైతే అది ఒక్క రోజు కూడా తప్పు చెప్పకూడదు. వర్క్‌షాపుకు వెళ్లాలంటే ఒక రోజు పని పోతుంది, కిరాయికి తిప్పే కారైతే ఆ రోజు కిరాయీ పోతుంది. అందుచేత ఈ ఊళ్లో మనుషులు ఇవాళ కాదు రేపు అనుకుంటూ నెలలు గడిపేస్తారు. మొదటి వారం దీపం వెలిగినప్పుడల్లా దిగి నాలుగు తలుపులూ చూస్తారు, రెండో వారం అద్దంలోంచి చూసి ఊరుకుంటారు, ఆ తర్వాత దానిమీద నల్లటేపు ముక్క అతికించేస్తారు. అలా అలవాటుపడ్డ మనిషికి వెనకసీటులో పిల్లలు కూర్చున్న రోజున తలుపు నిజంగానే సగం పడినా తెలియదు. తప్పుడు హెచ్చరికను వెంటనే సరిచేయగలిగినవాడు ఇంట్లో ఉంటే, వర్క్‌షాపు దూరంలో ఉందన్న కారణంతో ఆ ప్రమాదాన్ని భరించడం న్యాయం కాదు.

ఇక్కడ ఇద్దరూ దీపం విలువ విషయంలో ఏకీభవిస్తున్నారనీ, భేదమంతా దాన్ని ఎవరు ముట్టాలన్న దగ్గరే ఉందనీ గమనించాలి. ఆ భేదాన్ని తూకం వేయడానికి ముందు ఈ తీరంలో ఆ దీపం ఎందుకు తప్పు చెబుతుందో తెలుసుకోవాలి. భావనపాడుకు చుట్టుపక్కలే నౌపడ ఉప్పు మడులున్నాయి. సముద్రపు నీటిని ఎండకు ఆరబెట్టి ఉప్పు తీసే పని అక్కడ తరతరాలుగా సాగుతోంది. మడిలో మనిషి ప్రయత్నం మీద జరిగే ఆ పని, కారు తలుపు సందుల్లో ఎవరి ప్రయత్నం లేకుండానే జరుగుతుంది. అల విరిగినప్పుడు లేచిన సన్నని తుంపర గాలిలోనే ఆరి కంటికి కనబడని ఉప్పు రవ్వగా మారి, ఊళ్లో ఆరుబయట నిలిపిన ప్రతి బండి మీదా వాలుతుంది. ఉప్పుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటిందంటే పొడి ఉప్పు తనంతట తానే కరిగి తడిపొరగా మారుతుంది. తీరంలో రాత్రివేళ తేమ ఆ మట్టం దాటడం సాధారణం కాబట్టి, వాన చుక్క పడకపోయినా లాక్ నోరు తెల్లవారేసరికి తడిసి ఉంటుంది. మంచినీరు విద్యుత్తుకు ఇచ్చే దారి అతి స్వల్పం. ఉప్పునీరు మాత్రం చక్కగా దారి ఇస్తుంది. స్విచ్చి తెరుచుకున్నా ఈ తడిపొర గుండా కొద్దిపాటి విద్యుత్తు పారిందంటే, కారులోని కంప్యూటరు దాన్ని మూసుకున్న స్విచ్చిగానే, అంటే తలుపు తెరిచి ఉన్నట్లుగానే, చదువుతుంది. ఉదయం వెలిగి, ఎండ ఎక్కాక ఆరిపోయే దీపాల వెనుక తరచు ఉండే కారణం ఇదే.

మేనమామ: స్విచ్చి ఎక్కడుందో తెలిస్తే సగం పని అయినట్లే. పాత కార్లలో అది తలుపు స్తంభం మీద రబ్బరు టోపీ తొడిగిన చిన్న మీట. తలుపు వేస్తే మీట లోపలికి నొక్కుకుపోయి విద్యుత్తు దారి తెగుతుంది, తలుపు తీస్తే స్ప్రింగు దాన్ని బయటికి తోసి దారిని కారు బాడీకి, అంటే ఎర్తుకు, కలుపుతుంది. అప్పుడు దీపం వెలుగుతుంది. ఆ టోపీ చిరిగి ఇసుక రేణువు దూరినా, తుప్పు పట్టి మీట బయటే బిగుసుకుపోయినా దీపం ఆరదు. ఒక్క స్క్రూ విప్పి ఈ స్విచ్చి మార్చుకోవడానికి విశాఖపట్నం వెళ్లమంటావా?

మేనల్లుడు: ఆ రకం స్విచ్చి విషయంలో పట్టుదల అక్కరలేదు మావయ్యా, ఎవరైనా మార్చుకోవచ్చు. అయితే దాని లోపం కూడా చెప్పాలి: అది కొలిచేది తలుపు స్తంభానికి ఎంత దగ్గరకు వచ్చిందన్నదాన్నే, కొక్కెం పట్టిందా లేదా అన్నదాన్ని కాదు. సగం పడిన తలుపు కూడా ఆ మీటను నొక్కి దీపాన్ని ఆర్పేయవచ్చు. అందుకే ఇప్పటి కార్లలో చాలావాటిలో స్విచ్చిని లాక్ పెట్టె లోపలికి తీసుకుపోయారు. గోరంత ఉండే ఆ మైక్రోస్విచ్చి కొక్కెం తిరుగుడును బట్టి పనిచేస్తుంది. దాన్ని చేరాలంటే తలుపు లోపలి ప్యాడ్ విప్పాలి, గాజు దించే కడ్డీలను తప్పించాలి. అసలు చిక్కు అక్కడే.

మేనమామ: విప్పకుండానే దోషం ఎక్కడుందో తేల్చే పరీక్ష ఉంది. ముందు ఏ తలుపుదో తేల్చుకోవాలి. కొన్ని కార్లలో మీటరు బోర్డులోని కారు బొమ్మమీద తలుపు ఏదో విడిగా కనబడుతుంది. ఒకే దీపం ఉన్న కార్లలో నాలుగు స్విచ్చిలూ సమాంతరంగా కలిపి ఉంటాయి, అంటే ఏ ఒక్కటి దారి ఇచ్చినా దీపం వెలుగుతుంది, కాబట్టి ఒక్కొక్క తలుపునూ వరసగా పరీక్షించాలి. తలుపు బార్లా తీసి, లాక్ నోట్లో కనబడే కొక్కేన్ని స్క్రూడ్రైవరు మొనతో స్ట్రైకర్ తోసే వైపుకే మెల్లగా నొక్కితే మొదటి టిక్కు, ఆ తర్వాత రెండో టిక్కు వినబడతాయి. తలుపు తీసే ఉన్నా లాక్ మాత్రం వేసినట్లే అనుకుంటుంది. మిగతా మూడు తలుపులూ వేసి ఉండగా అప్పుడు దీపం ఆరిందంటే స్విచ్చి మంచిదే, దోషం తలుపు అమరికలో ఉంది: స్ట్రైకర్ పక్కకు జరిగి ఉంటుంది, లేదా చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు ఉబ్బి తలుపును పూర్తిగా పడనివ్వడం లేదు. రెండు టిక్కులు పడ్డాక కూడా దీపం ఆరకపోతే దోషం ఆ తలుపు స్విచ్చిలోనో తీగలోనో ఉండాలి, లేదా మరో తలుపుది కావాలి. పరీక్ష అయ్యాక బయటి పిడి లాగి కొక్కేన్ని మళ్లీ తెరవడం మరవకూడదు. మూసుకున్న కొక్కెంతో తలుపును విసిరి వేస్తే అది స్ట్రైకర్‌ను కొట్టుకుంటుంది, లాక్ వంగితే నిజంగానే వర్క్‌షాపు పాలు కావాలి.

మేనల్లుడు: ఈ పరీక్షకు వంక పెట్టవలసిన పని లేదు, వర్క్‌షాపులో చేసేదీ ఇదే. కాని దోషం స్విచ్చిలో ఉందని తేలాక మీరు చెప్పిన మనిషి ఏం చేస్తాడో చూడండి. బజారులో దొరికే డబ్ల్యూడీ-40 డబ్బా తెచ్చి లాక్ నిండా చల్లుతాడు. అది 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో తయారైంది. లోహం మీదనుంచి తేమను తోసేయడం దాని ఉద్దేశం, అట్లాస్ క్షిపణి పైపొర తుప్పు పట్టకుండా వాడారు. తేమను తోసేయడంలో దానికి పేరుంది గాని, తోసేసిన తేమలో కరిగి ఉన్న ఉప్పు సంగతేమిటి? ఉప్పు నూనెల్లో కరగదు. చల్లిన రోజున దీపం ఆరుతుంది, యజమాని సంతోషిస్తాడు. ఉప్పు లోపలే మిగిలిపోతుంది. పైగా ఆ ద్రవం లాక్‌లో కంపెనీవాళ్లు పెట్టిన గ్రీజును కూడా పలుచన చేసి కార్చేస్తుంది. కొన్ని వారాలకు తేమ మళ్లీ చేరుతుంది, ఈసారి గ్రీజు కాపలా కూడా లేని లోహం మీద.

మేనమామ: మరి ఉప్పును తీసేది ఏది?

మేనల్లుడు: మంచినీళ్లే. వేట నుంచి తిరిగొచ్చాక పడవల ఇంజిన్లలోకి మంచినీళ్లు పోనిచ్చి కడుగుతారే, కారణం అదే. అయితే లాక్ మీద పైపుతో నీళ్లు కొట్టకూడదు, స్విచ్చిలోకి పోతాయి. మెత్తటి గుడ్డను మంచినీటిలో తడిపి బాగా పిండి, లాక్ నోరు, కొక్కెం అంచులు, స్ట్రైకర్, బీడింగు తుడవాలి. గుడ్డను రెండు మూడుసార్లు ఉతికి మళ్లీ తుడవాలి. పూర్తిగా ఆరాక, ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్‌ను, అంటే జిడ్డును కరిగించి మిగులు లేకుండా ఆవిరైపోయే ద్రవాన్ని, లాక్ నోట్లోకి కొద్దికొద్దిగా కొట్టి, కొక్కేన్ని పదిసార్లు మూసి తెరవాలి. అది ఆవిరయ్యాక చివరగా కొక్కెం మీద తెల్ల లిథియం గ్రీజు పలచగా పూయాలి.

మేనమామ: ఇంటి దగ్గర చేయకూడదన్న పనిని ఇంటి దగ్గర ఎలా చేయాలో నువ్వే చెప్పావు అల్లుడూ. నీవల్ల తెలిసిన కొత్త సంగతి ఒకటుంది: ఇంతకాలం తుడవడానికి ముందే చల్లమని చెబుతూ వచ్చాం, ఇక ముందు మంచినీటి గుడ్డ, తర్వాతే డబ్బా. దీనికి ఇంకొక్క జాగ్రత్త కలపాలి. ఆ ద్రవాల్లో చాలావరకు సులువుగా అంటుకునేవే కాబట్టి, బ్యాటరీ నెగిటివ్ తీగ విప్పి, తలుపులన్నీ తీసి గాలి ఆడనిచ్చి, దగ్గర్లో బీడీ నిప్పు కూడా లేకుండా చూసుకోవాలి.

వాదం ఇంతవరకు సాగినప్పుడు మేనమామ గెలిచినట్లు కనబడుతుంది. తుడిచి, ఆరబెట్టి, గ్రీజు పూసే పనిని వర్క్‌షాపుకు మాత్రమే వదిలేయమనడానికి నిజంగానే ఏ ఆధారమూ లేదు. సముద్రం పక్కన ఉండే కారుకు ఏటా రెండు మూడుసార్లు జరగవలసిన సంరక్షణ అది. వారంటీ నడుస్తున్న కారు సంగతి వేరు, దాన్ని కంపెనీ వర్క్‌షాపుకే చూపించాలి. అయితే తుడిచినా దీపం ఆరని కార్ల దగ్గరికి వచ్చేసరికి మేనల్లుడి వాదానికి బలం పెరుగుతుంది.

మేనల్లుడు: తుడిచినా ఆరలేదనుకోండి. అప్పుడు మనిషి ప్యాడ్ మీద చెయ్యి వేస్తాడు. ప్యాడ్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు ఎండకు పెళుసుబారి ఉంటాయి, లాగితే విరుగుతాయి. అది చిన్న నష్టం. ప్యాడ్ వెనుక పల్చటి ప్లాస్టిక్ షీటు అతికించి ఉంటుంది. గాజు సందుల్లోంచి తలుపులోకి దిగిన వాన నీరు కారు లోపలికి రాకుండా అడుగు రంధ్రాల గుండా బయటికి పోయేటట్లు చూసేది ఆ షీటే. దాన్ని చింపి మళ్లీ సరిగా అతికించకపోతే ప్రతి వానకూ తడి లోపలికి చేరి, స్విచ్చిలూ స్పీకర్లూ వరసగా పోతాయి. కొన్ని కార్లలో పక్కనుంచి గుద్దినప్పుడు ఎయిర్‌బ్యాగును విప్పించే సెన్సారు కూడా తలుపులోనే ఉంటుంది. దాని తీగను అజాగ్రత్తగా తప్పించకూడదు. ఇవేవీ స్క్రూడ్రైవరు పట్టడం వస్తే తెలిసే సంగతులు కావు.

మేనమామ: ప్యాడ్ జోలికి వెళ్లే ముందు చూడవలసినది ఇంకొకటి ఉంది. తలుపుకూ స్తంభానికీ మధ్య కీలు పక్కన ముడతల రబ్బరు గొట్టం ఉంటుంది, తలుపు తీగలన్నీ దానిలోంచే పోతాయి. తలుపు తీసి వేసినప్పుడల్లా అవి అదే చోట వంగడం వల్ల లోపలి రాగి పోచలు ఒక్కొక్కటే తెగుతాయి; గొట్టం చిరిగితే ఉప్పుగాలి తగిలి రాగి పచ్చబారుతుంది. దీపాన్ని చూస్తూ ఆ గొట్టాన్ని చేత్తో అటూ ఇటూ కదిపినప్పుడు దీపం ఆరి వెలుగుతూ ఉంటే దోషం తీగలో ఉందన్నమాట. అలాంటప్పుడు లాక్ మార్చినా ప్రయోజనం ఉండదు. తలుపు మీద చెయ్యి వేయనివ్వకపోతే పోనీ, ఈ సంగతి ముందే తెలుసుకుని వెళ్లినవాడికి వర్క్‌షాపులో అనవసరంగా లాక్ మార్పించుకునే ఖర్చు తప్పుతుంది గదా.

మేనల్లుడు: తప్పుతుంది. తీగను అతికించడం కూడా తెలిసినవాడి పనే అని మాత్రం ఒప్పుకోండి. ఇక అన్నిటికన్నా భయపడవలసింది మరొకటి ఉంది మావయ్యా. ఏదీ కుదరనప్పుడు మనుషులు స్విచ్చి తీగను కత్తిరించేస్తారు, లేదా కొన్ని కార్లలో తలుపు ఎప్పుడూ వేసే ఉన్నట్లు కంప్యూటరు నమ్మేలా రెండు తీగలు కలిపేస్తారు. దీపం ఇక ఎన్నడూ వెలగదు. ఇంటి మరమ్మతును ప్రోత్సహించడం అంటే ఆ చివరి మెట్టు దాకా దారి చూపించడమే.

మేనమామ: ఆ పని చేసేవాళ్లు దీపం మీద కోపంతో చేయరు అల్లుడూ, బ్యాటరీ కోసం చేస్తారు. తలుపు తెరిచే ఉందనుకుంటే కొన్ని కార్లలో పైకప్పు దీపం ఆరదు, కంప్యూటరు నిద్రపోదు. 5 వాట్ల పైకప్పు దీపం 12 వోల్టుల మీద గంటకు 0.4 ఆంపియర్ అవర్ పైగా తాగుతుంది; మూడు రోజులు కదలకుండా నిలిపితే 30 దాకా పోతుంది. చిన్న కారు బ్యాటరీ సామర్థ్యం 35 చుట్టుపక్కలే కాబట్టి నాలుగో రోజు సెల్ఫ్ తిరగదు. అందుకు మందు పైకప్పు దీపం మీటను ఆఫ్ వైపుకు జరపడం, కారు ఎక్కువ రోజులు నిలపవలసి వస్తే బ్యాటరీ తీగ విప్పడం. హెచ్చరిక తీగను కత్తిరించడం కానే కాదు. ఇంటి మరమ్మతు తెలియనివాడే కత్తెర పడతాడు, తెలిసినవాడికి ఆ అవసరం రాదు.

చివరి మాట పూర్తిగా నిజమని చెప్పడం కష్టం. తెలిసినవారు కూడా తొందరలో తీగ తెంపిన ఉదాహరణలకు కొదవ లేదు. అయినా తీగ తెంచడాన్ని మరమ్మతు అనకూడదన్న విషయంలో ఇద్దరూ ఒక్కటే. తుదివరకు వారు ఏకీభవించనిది లాక్ మార్పు దగ్గర. చాలా కార్లకు మైక్రోస్విచ్చి విడిగా అమ్మకానికి దొరకదు, లాక్ పెట్టె మొత్తం కొనాలి. కొద్ది రూపాయల స్విచ్చి కోసం వేల రూపాయల లాక్ కొనమనడం అన్యాయమనీ, అదే కొలతల స్విచ్చి తెచ్చి టంకం పెట్టుకోవచ్చుననీ మేనమామ అంటాడు. తలుపును పట్టి ఉంచే భాగాన్ని విప్పి మళ్లీ మూసినవాడు అది మునుపటిలా 11,000 న్యూటన్లకు నిలుస్తుందని ఎలా హామీ ఇస్తాడని మేనల్లుడు అడుగుతాడు. దీనికి గీత గీయవలసిన చోటు లాక్ పెట్టె కట్టుబడిలోనే ఉంది: స్విచ్చి పక్కనుంచి ఒక మూత తీస్తే వచ్చేదైతే, బలం మోసే కొక్కెం కదలదు కాబట్టి మేనమామ మాట చెల్లుతుంది, ఉక్కు రివెట్లను డ్రిల్లుతో తొలిస్తే గాని చేరలేనిదైతే మేనల్లుడిదే న్యాయం, ఆ లాక్‌ను మార్చవలసిందే. పాత ఇనుప సామాన్ల దుకాణంలో దొరికే లాక్ ఎంత చవకైనా, అది ఏ ప్రమాదంలో నలిగిన తలుపు నుంచి వచ్చిందో తెలియదు కాబట్టి దాన్ని వాడకూడదు.

మేనల్లుడు: ఎవరు బాగుచేసినా చివర ఒక పరీక్ష చేయాలి, మీరు చెప్పినదానిలో అది లేదు. దీపం ఆరిందా అని మాత్రమే అందరూ చూస్తారు. తలుపును మెల్లగా దగ్గరకు తోసి మొదటి టిక్కు దగ్గర ఆపి చూడాలి. స్విచ్చి లాక్ లోపల ఉన్న కారైతే దీపం అప్పుడు వెలిగే ఉండాలి. రెండో టిక్కు పడ్డాకే ఆరాలి. మొదటి టిక్కుకే ఆరిపోతే మరమ్మతు కాలేదన్నమాట, ఆ కారును తప్పుడు దీపంతో తిప్పడం కన్నా ఇలా తిప్పడం ఎక్కువ అపాయం.

మేనమామ: నిజమే. దాన్ని నాలుగు తలుపులకూ చేయాలి, డిక్కీకి కూడా. స్ట్రైకర్‌ను జరపవలసి వచ్చినప్పుడు మరలు వదులు చేయకముందే దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసుకుని, మిల్లీమీటరుకు మించకుండా జరిపి, బిగించి, ప్రతిసారీ ఈ రెండు టిక్కుల పరీక్ష చేయాలి. తెల్లవారుజామున, మంచు తడి ఇంకా ఆరకముందు మరోసారి చూడాలి. ఈ ఊళ్లో మధ్యాహ్నం ఎండలో చూసిన ఫలితాన్ని నమ్మడానికి లేదు.